ఓపీ రిజిస్టర్ చూసి సీఎంఈ ఎంచుకోండి: బీపీ, షుగర్ రోగులను చూసే డాక్టర్లకు నా సలహా

నా దగ్గరికి రెండేళ్లపాటు బీపీ మందు కోసం ఒక పెద్దాయన వచ్చేవారు. రైతు. నెల తప్పకుండా వచ్చేవారు. ఆయనకు రాసింది అమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, రోజుకు ఒకటి. బీపీ ఎప్పుడు చూసినా 160 దగ్గరే ఉండేది. "ఎండలో నడిచొచ్చాను కదా డాక్టరుగారూ, అందుకే" అనేవారు. "సరే, ఉప్పు తగ్గించండి" అని నేను పాత చీటీలో ఉన్నదే మళ్లీ రాసిచ్చేవాణ్ని. రెండో ఏడాది చివర్లో ఆయనకు పక్షవాతం వచ్చింది, కుడి చెయ్యి పడిపోయింది.

ఆ రెండేళ్లలో నేను ఎన్ని సీఎంఈలకు (డాక్టర్ల నిరంతర వైద్య విద్యా కార్యక్రమాలకు) వెళ్లానో తర్వాత సర్టిఫికెట్ల ఫైలు తీసి లెక్కపెట్టాను. మొత్తం తొమ్మిది, వాటిలో మూడు బీపీ మీదే. అమ్లోడిపిన్‌తో బీపీ దిగకపోతే టెల్మిసార్టన్ కలపాలని నాకు తెలియక కాదు. అడిగితే నిద్రలో కూడా చెప్పేవాణ్ని. కానీ నా రోగి నా ఎదుట కూర్చున్నప్పుడు ఆ పని చేయలేదు. చేయలేదని నాకు చూపించినవాళ్లూ లేరు.

అప్పటినుంచి ఏ శిక్షణలో చేరాలన్నా దాన్ని వేరే కొలతతో చూస్తున్నాను. పీహెచ్‌సీలో, బస్తీ దవాఖానాలో, చిన్న ఊళ్లో సొంత క్లినిక్‌లో రోజూ బీపీ, షుగర్, ఆస్తమా, కిడ్నీ రోగులను చూసే ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం ఇది రాస్తున్నాను. ఎవరికి ఏది సరిపోతుందో నా అభిప్రాయం దాచుకోకుండా చెబుతాను.

ముందు క్రెడిట్ అవర్స్ సంగతి

చాలామంది సీఎంఈ ఎంచుకునేటప్పుడు మొదట అడిగే ప్రశ్న "ఎన్ని క్రెడిట్స్ ఇస్తారు?" అని. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నైతిక నియమావళి ప్రకారం ఐదేళ్లలో 30 గంటలు సీఎంఈలకు హాజరవ్వాలి. అంటే ఏడాదికి ఆరు గంటలు, ఒక్క ఆదివారంతో అయిపోయే పని. రిజిస్ట్రేషన్ రెన్యూవల్ దగ్గరపడ్డాక టెన్షన్ పడి, దొరికిన కాన్ఫరెన్స్‌కల్లా డెలిగేట్ ఫీజు కట్టేవాళ్లను చూశాను. మంచి శిక్షణ ఏది తీసుకున్నా ఈ గంటలు దాని వెంటే వస్తాయి. చేరేముందు ఆ కార్యక్రమానికి మన రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు ఉందా అని ఒక్క మాట కనుక్కుంటే చాలు, ఆ తర్వాత క్రెడిట్స్ సంగతి మర్చిపోవచ్చు.

హోటల్లో సాయంత్రం మీటింగ్, పెద్ద కాన్ఫరెన్స్

మనకు సులువుగా దొరికేది ఇదే. సాయంత్రం ఏడింటికి మొదలు, ఒకరో ఇద్దరో స్పీకర్లు, తర్వాత భోజనం. తోటి డాక్టర్లు కలుస్తారు. రిఫర్ చేయాల్సి వస్తే ఫోన్ చేయగలిగే స్పెషలిస్టుతో పరిచయం అవుతుంది. ఊళ్లో ఒంటరిగా ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఇది చిన్న లాభం కాదు, దాన్ని తీసిపారేయను.

చదువుగా చూస్తే మాత్రం బలహీనమైనది. ఇలాంటి విద్యా సమావేశాలపై 2009లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నిటినీ కలిపి తూచే అంతర్జాతీయ సంస్థది) 81 అధ్యయనాలను పరిశీలించింది. సమావేశాలకు వెళ్లిన డాక్టర్ల రోగుల్లో సరైన వైద్యం అందినవాళ్లు నూటికి ఆరుగురే ఎక్కువ. ఉపన్యాసంతోపాటు చర్చ, అభ్యాసం కలిపి నడిపిన చోట ఫలితం మెరుగ్గా ఉంది. మార్చుకోవాల్సిన అలవాటు క్లిష్టమైనదైతే ఒక్క సమావేశంతో మార్పు రావడం కష్టమని కూడా ఆ సమీక్షలోనే ఉంది. దీర్ఘకాలిక జబ్బుల వైద్యమంతా అలాంటి క్లిష్టమైన అలవాట్లే. మోతాదు పెంచడం, రెండో మందు కలపడం, పాదాలు చూడటం, రాని రోగిని పిలిపించడం, ఇవన్నీ స్లైడ్లు చూస్తే అలవడేవి కావు.

ఇంకో చిక్కు, ఖర్చు ఎవరు పెట్టారన్నది. డాక్టర్లు కంపెనీల నుంచి బహుమతులు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం తీసుకోకూడదని 2009 డిసెంబరులోనే కౌన్సిల్ నిబంధన తెచ్చింది. 2024 మార్చిలో మందుల కంపెనీల మార్కెటింగ్‌కు ఏకరీతి నియమావళి కూడా వచ్చింది. అయినా ఏం మాట్లాడాలో కంపెనీ నిర్ణయించే మీటింగ్‌లో కొత్త మందు గురించే వింటాం. మన రోగుల్లో ఎక్కువమందికి కావాల్సినవి అమ్లోడిపిన్, టెల్మిసార్టన్, మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్, అటోర్వాస్టాటిన్. పీహెచ్‌సీలో ఉచితంగా దొరికే వీటిని సరిగ్గా వాడటం ఎలాగో చెప్పడానికి ఏ కంపెనీకీ అవసరం లేదు. అందుకే ఆహ్వానం రాగానే అంశం ఎవరు ఎంచారు, స్లైడ్ల మీద మందుకు జనరిక్ పేరు ఉంటుందా బ్రాండ్ పేరు ఉంటుందా అని అడగండి. ఆ జవాబుతోనే వెళ్లాలో వద్దో తేలిపోతుంది.

ఫోన్లో ఉచితంగా దొరికేవి

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల హార్ట్స్ ప్యాకేజీ ప్రాథమిక వైద్యం కోసమే తయారైంది. జీవనశైలి సలహా, చికిత్సా ప్రోటోకాల్, మందుల లభ్యత, గుండెజబ్బు ముప్పు అంచనా, బృందంగా పని, రోగుల నమోదు, ఇలా ఒక్కో అంశానికి ఒక్కో భాగం ఉంటుంది. మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2019 నుంచి ఒక్కో జబ్బుకు ఒక్క పేజీలో చికిత్సా క్రమం ఇస్తోంది. ఎప్పుడు పరీక్ష చేయాలి, ఏ మందు మొదలుపెట్టాలి, ఎప్పుడు పైకి పంపాలి అన్నీ ఆ పేజీలోనే ఉంటాయి. బీపీ, షుగర్ పేజీలు ప్రింట్ తీసి, నా టేబుల్ గ్లాసు కింద పెట్టుకున్నాను. ఏ కోర్సుకూ డబ్బు కట్టకముందే ప్రతి డాక్టరూ చేయాల్సిన పని ఇదని నా నమ్మకం.

అయితే ఆన్‌లైన్ చదువుకు రెండు హద్దులున్నాయి. ఒకటి, చేరినంత తేలికగా మానేస్తాం. ఓపీ ముగిశాక రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా వీడియో చూడటం మూడో వారానికి ఆగిపోతుంది. రెండోది, చేతిపని వీడియోలో రాదు. 10 గ్రాముల మోనోఫిలమెంట్‌ను (స్పర్శ తెలుస్తోందో లేదో చూసే సన్నని నైలాన్ పోగు) పాదం మీద ఎంత ఒత్తాలో, ఇన్‌హేలర్ పీల్చేటప్పుడు రోగి ఎక్కడ తప్పు చేస్తున్నాడో, ఇన్సులిన్ పొడిచి పొడిచి గడ్డకట్టిన చోటు వేలికి ఎలా తగులుతుందో పక్కన ఒకరుండి చూపిస్తేనే వస్తుంది. ఇలాంటి నైపుణ్యాల మీద ఒక పూట వర్క్‌షాప్ పెడుతున్నారంటే, రెండు రోజుల కాన్ఫరెన్స్ మానుకుని అయినా వెళ్లండి.

ఏడాది సర్టిఫికెట్ కోర్సు

ఈ రకంలో బాగా తెలిసింది, పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా చెన్నైలోని డాక్టర్ మోహన్స్ సంస్థతో కలిసి 2010లో మొదలుపెట్టిన షుగర్ వ్యాధి సర్టిఫికెట్ కోర్సు. ప్రాక్టీస్ మానక్కర్లేదు. నెలకో రోజు తరగతి, ఏడాది పాటు. చిన్న బ్యాచ్, పాఠం చెప్పేది మన ప్రాంతంలోనే పనిచేసే స్పెషలిస్టు. ఇదే పద్ధతిలో బీపీ మీద కూడా కోర్సు ఉంది.

దీని బలం తరగతికీ తరగతికీ మధ్య ఉండే నెల రోజుల్లో ఉంది. ఈ నెల నేర్చుకున్నది సోమవారం నుంచి సొంత రోగుల మీద పెట్టి చూస్తాం. ఎక్కడ తడబడ్డామో వచ్చే తరగతిలో అడుగుతాం. ఇన్సులిన్ మొదలుపెట్టడమంటే నాకున్న భయం అలాగే పోయింది. రాత్రిపూట ఒక్క డోసు, తక్కువ మోతాదు, పొద్దున పరగడుపు షుగర్ చూసి నెమ్మదిగా పెంచడం అని పుస్తకంలో ఎప్పుడో చదివాను. కానీ ముగ్గురు రోగులకు మొదలుపెట్టి, నెల తర్వాత ఆ ముగ్గురి షుగర్ చార్టులూ మా సార్ ముందు పెట్టినప్పుడే అది నాదైంది. వాళ్లలో ఒకామె ఇంట్లో ఫ్రిజ్ లేదు. నీళ్లు పోసిన మట్టికుండలో చిన్న డబ్బా పెట్టి అందులో వయల్ ఉంచుకోవచ్చని ఆ రోజే తెలుసుకున్నాను.

చేరేముందు ఒకటి గుర్తుంచుకోండి. ఇది కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదయ్యే డిగ్రీ కాదు. బోర్డు మీద డయాబెటాలజిస్ట్ అని రాసుకోవడానికి చేరితే మీకూ రోగికీ నష్టమే.

ఇంకో పరిమితి కూడా ఉంది. ఇది ఒక్క జబ్బు కోర్సు. మన దగ్గరికొచ్చే అరవై ఏళ్లావిడకు షుగర్, బీపీ, మోకాళ్ల నొప్పులు, నిద్రలేమి అన్నీ ఒక్కసారే ఉంటాయి. షుగర్ కోర్సు షుగర్ బాగా నేర్పుతుంది. ఆవిడ మోకాళ్లకు ఊళ్లో కొనుక్కుని మింగుతున్న నొప్పి మాత్రలు కిడ్నీలను ఏం చేస్తున్నాయో పట్టుకోవడం మన చేతిలోనే ఉంటుంది.

కేసులు తీసుకెళ్లి చర్చించే పద్ధతి

నేను అన్నిటికంటే ఎక్కువగా నమ్మేది దీన్నే. 2003లో అమెరికాలోని న్యూ మెక్సికోలో సంజీవ్ అరోరా అనే లివర్ స్పెషలిస్టు ప్రాజెక్ట్ ఎకో మొదలుపెట్టారు. హెపటైటిస్ సి రోగులు తన దగ్గరికి వందల మైళ్లు ప్రయాణం చేసి రావాల్సి వస్తోందని, పల్లెల్లోని మామూలు డాక్టర్లను వారం వారం వీడియోలో కూర్చోబెట్టి, వాళ్ల కేసులు వాళ్లచేతే చెప్పించి చర్చించేవారు. 2011లో ఫలితాలు వచ్చాయి. యూనివర్సిటీ క్లినిక్‌లో నయమైనవాళ్లు 57.5 శాతం, పల్లె డాక్టర్ల దగ్గర 58.2 శాతం. తేడా లేదన్నమాట. పల్లె డాక్టరు తన ఊళ్లో ఉంటూనే స్పెషలిస్టు స్థాయి వైద్యం చేయగలడని ఇంత స్పష్టంగా చూపిన పద్ధతి నాకు మరొకటి కనిపించలేదు. ఎకో మన దేశంలోనూ నడుస్తోంది. బీపీ, షుగర్, మానసిక ఆరోగ్యం, క్యాన్సర్ స్క్రీనింగ్ మీద ఇలాంటి సెషన్లు పెడుతుంటారు.

ఇందులో మీరు కేసు చెప్పాలి. చెప్పాలంటే ముందు ఆ రోగి చీటీలన్నీ వరసగా పెట్టుకుని చూడాలి. నా రైతు చీటీలు ఒక్కసారి అలా వరసపెట్టి ఉంటే, ఇరవై నాలుగు చీటీల్లో ఒకే మోతాదు కళ్లకు కట్టినట్టు కనిపించేది. ఎవరూ నన్ను తిట్టాల్సిన పని కూడా ఉండేది కాదు.

మన భాషలో మాట్లాడుకునే డాక్టర్లు కలిస్తే లాభం రెట్టింపవుతుంది. "షుగర్ నార్మల్‌కొచ్చింది కదా, మందు ఆపేశాను", "బీపీ మాత్ర మొదలుపెడితే జీవితాంతం వాడాలంట, ఇప్పుడే వద్దులెండి", "ఇన్సులిన్ అంటే ఇక ఆఖరే కదా", ఇవీ మనం రోజూ వినే మాటలు. వీటికి ఎలా జవాబివ్వాలో ఇంగ్లిష్ మాడ్యూల్లో ఉండదు. ఆవకాయ, ఎండుచేపలు మానలేని ఇంట్లో రోజుకు ఐదు గ్రాముల ఉప్పు మాట ఎలా చెప్పాలో మన పక్క మండలం డాక్టరే చెప్పగలరు.

లోపం లేదని కాదు. సెషన్ నడిపే స్పెషలిస్టు గంటంతా తానే మాట్లాడితే అది మళ్లీ ఉపన్యాసమే అవుతుంది. ఒకసారి కూర్చుని చూడండి. గంటలో కనీసం రెండు కేసులు పల్లె డాక్టర్ల నోటి నుంచి రాకపోతే ఇంకో బృందం వెతుక్కోండి.

రెండు, మూడేళ్ల చదువు

వెల్లూరు సీఎంసీ దూరవిద్యలో ఫ్యామిలీ మెడిసిన్ పీజీ డిప్లొమా రెండేళ్లు. ఉద్యోగం చేసుకుంటూనే ఇంట్లో మాడ్యూళ్లు చదివి, కాంటాక్ట్ క్లాసులకు వెళ్లాలి. స్పెషలిస్టుకు పంపడం తగ్గించి, చేయగలిగింది మనమే చేయాలన్నది దాని సారం. అన్ని జబ్బులనూ కలిపి చూడటం నేర్పుతుంది కాబట్టి, పైన చెప్పిన ఒక్క జబ్బు కోర్సుల లోటు ఇందులో ఉండదు. డీఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే పీజీ) ఫ్యామిలీ మెడిసిన్ అయితే మూడేళ్లు, నీట్ పీజీ ర్యాంకుతో చేరి పూర్తికాలం రెసిడెన్సీ చేయాలి. అది పూర్తి స్థాయి పీజీ. ముప్పై ఏళ్లలోపు వాళ్లు, ఇంటి బాధ్యతలు ఇంకా మీద పడనివాళ్లు దీన్ని రెండో రకం చదువుగా చూడకండి. కోరుకున్న పీజీ సీటు కోసం నాలుగేళ్లు లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో గడిపే కంటే ఇదే మేలని నా దగ్గరికొచ్చే హౌస్ సర్జన్లకు చెబుతుంటాను.

మీకు ఏది కావాలో మీ రిజిస్టర్ చెబుతుంది

ఒక ఆదివారం రెండు గంటలు తీసుకోండి. ఆర్నెల్ల కిందట మీ దగ్గర బీపీ లేదా షుగర్ మందు తీసుకున్న యాభై మంది పేర్లు రాయండి. వాళ్లలో గత మూడు నెలల్లో మళ్లీ వచ్చినవాళ్లెందరు? వచ్చినవాళ్లలో చివరిసారి బీపీ 140/90 లోపు ఉన్నవాళ్లెందరు? షుగర్ రోగుల్లో ఏడాదిలో ఒక్కసారైనా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చేయించినవాళ్లు, పాదాలు చూసినవాళ్లు, కంటి పరీక్షకు పంపినవాళ్లు ఎందరు?

అసలు తిరిగి రానివాళ్లే ఎక్కువైతే, మీకు కావాల్సింది మందుల పాఠం కాదు. మీ స్టాఫ్ నర్సుతో, ఎంఎల్‌హెచ్‌పీతో (ఉపకేంద్రంలోని మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త), ఏఎన్ఎంతో కలిసి తీసుకునే శిక్షణ. 2017 నవంబరులో మొదలైన భారత హైపర్‌టెన్షన్ నియంత్రణ కార్యక్రమం తొలి విడత ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఒకే చికిత్సా ప్రోటోకాల్, కొరత లేకుండా మందులు, పనిని బృందంలో పంచుకోవడం, ప్రతి రోగికీ కార్డు, రానివాళ్లను పిలిపించడం, ఇదే దాని పద్ధతి. జిల్లాలో ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటువ్యాధులు కాని జబ్బుల) శిక్షణకు పిలుపొస్తే చాలామంది డాక్టర్లు తాము ఆగిపోయి నర్సును పంపుతారు, లేదంటే తాము వెళ్లి నర్సును వదిలేస్తారు. ఇద్దరూ కలిసి వెళ్లండి. ప్రైవేటు క్లినిక్ అయితే బీపీ చూసే కాంపౌండరుకు సరైన కఫ్ ఎంచుకోవడం, ఐదు నిమిషాలు కూర్చోబెట్టాకే చూడటం మీరే నేర్పండి. తప్పు రీడింగ్ మీద ఎంత గొప్ప చదువు పెట్టినా వృథాయే.

రోగులు వస్తున్నారు గానీ బీపీ, షుగర్ దిగట్లేదంటే కేసు చర్చల బృందంలో చేరండి, వీలైతే ఏడాది సర్టిఫికెట్ కోర్సు కూడా చేయండి. ఈ రెండిట్లో ఒక్కదానికే తీరిక ఉంటే కేసు చర్చలకే నా ఓటు. పాదాలు, కళ్లు, క్రియాటినిన్ గళ్లు ఖాళీగా ఉంటే ఒక పూట వర్క్‌షాప్, గోడకు అంటించిన ఒక చెక్‌లిస్టు సరిపోతాయి.

ఏ ఊళ్లో పనిచేస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు ఉన్న డాక్టరుకు ఇన్సులిన్ కోర్సు కంటే కిడ్నీ జబ్బు శిక్షణ ముందు. అక్కడ షుగర్, బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు దెబ్బతింటున్నాయి. క్రియాటినిన్ నుంచి ఈజీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) లెక్కగట్టడం, 30 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ ఆపడం, నొప్పి మాత్రలు మాన్పించడం, డయాలసిస్‌కు ఎంత ముందుగా పంపాలన్నది, ఇవన్నీ వేలికొసల మీద ఉండాలి. పాడేరు, అరకు, ఉట్నూరు వైపు ఏజెన్సీలో అయితే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు) కూడా జీవితాంతం చూసుకోవాల్సిన జబ్బే. 2023 జులైలో దాని నిర్మూలనకు జాతీయ మిషన్ మొదలైంది. హైడ్రాక్సీయూరియా ఇస్తూ రక్తకణాల సంఖ్య గమనించడం అక్కడి మెడికల్ ఆఫీసర్‌కు బీపీ చూడటమంత మామూలు పని కావాలి. నగరంలో డాక్టర్లకు పెట్టే సీఎంఈల్లో ఈ రెండూ అరుదుగా వినిపిస్తాయి, అడిగి పెట్టించుకోవాలి.

కోర్సు అయ్యాక ఆర్నెల్లకు మళ్లీ అదే యాభై మంది లెక్క తీయండి. నేను మొదటిసారి తీసినప్పుడు యాభైలో బీపీ అదుపులో ఉన్నవాళ్లు పదహారుమంది. కేసు చర్చల్లో చేరి, మా నర్సు శనివారం సాయంత్రం రానివాళ్లకు ఫోన్లు చేయడం మొదలుపెట్టాక ఇరవై తొమ్మిది. మిగతా ఇరవై ఒక్కరి పేర్లు ఇప్పటికీ నా డైరీ మొదటి పేజీలో ఉన్నాయి.

చివరిగా, ఏ కోర్సులోనూ ఒక్కరే చేరకండి. మా బ్యాచ్‌లో పక్కపక్క మండలాల వాళ్లం ముగ్గురం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. వెళ్లేటప్పుడు పాఠం, వచ్చేటప్పుడు మా రోగుల కబుర్లు. ఎవరైనా మానేద్దామనుకున్న నెలలో మిగతా ఇద్దరూ పొద్దున్నే ఫోన్ చేసి లేపేవారు. ఇప్పటికీ రోగి పేరు తీసేసి ఈసీజీలు, షుగర్ చార్టులు ఒకరికొకరం పంపుకుంటాం. "బీపీ ఇంకా 150 ఉంది కదా, రెండో మందు ఎందుకు కలపలేదు?" అని అడిగేవాళ్లు నాకు ఇప్పుడు ఇద్దరున్నారు.